ఏమీ తోచడం లేదు డాక్టరుగారూ!

కాలు నిలవకపోయినా, పొద్దు పోకపోయినా హోమియో మందు అడగడం గోదావరి సీమకు పాత అలవాటు. ఆ డాక్టరు వేసే ప్రశ్నలు చాలా విలువైనవి. వాటికి వచ్చిన జవాబులు తెల్ల గుళికల దగ్గరే ఆగిపోతే మాత్రం నష్టం మనకే.

జ్వరం వస్తే ఎవరి దగ్గరికి వెళ్ళాలో అందరికీ తెలుసు. కాలు విరిగితే ఎక్కడికి పరుగెత్తాలో తెలుసు. పేరు లేని బాధ వచ్చినప్పుడే చిక్కు. ఒకచోట కుదురుగా కూర్చోలేరు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలియదు. టీవీ పెడితే విసుగు, కట్టేస్తే మరీ విసుగు. కంచం ముందు రెండు ముద్దలకే మనసు ఎటో వెళ్ళిపోతుంది. స్కానింగులో ఏమీ కనబడదు. షుగరు, బీపీ మామూలుగానే ఉంటాయి. “మీకేం లేదండీ, హాయిగా ఉండండి” అని పెద్దాసుపత్రిలో చెప్పి పంపిస్తారు. హాయిగా ఉండలేకే కదా అంతదూరం వెళ్ళింది!

అలాంటివాళ్ళలో చాలామంది చివరికి హోమియో గుమ్మం ఎక్కుతారు. రాజమండ్రి, తణుకు, నరసాపురం, అమలాపురం, ఏ ఊరైనా ఆ గది దాదాపు ఒకేలా ఉంటుంది. అలమరాలో వరసగా చిన్న సీసాలు, బల్ల మీద అట్ట నలిగిన లావుపాటి పుస్తకం, వచ్చినవాళ్ళ కోసం నాలుగు కుర్చీలు. అక్కడ డాక్టరు నాడి పట్టుకునే ముందు మాట పట్టుకుంటాడు.

ఈ సీమలో హోమియోకి దొరికిన ఆదరణ చిన్నది కాదు. రాజమండ్రిలోని ప్రభుత్వ హోమియో వైద్య కళాశాలకు ఉన్న పేరు అల్లు రామలింగయ్యది. 1922లో పాలకొల్లులో పుట్టి, వెయ్యికి పైగా సినిమాల్లో జనాన్ని నవ్వించి, 1990లో పద్మశ్రీ అందుకున్న నటుడాయన. హోమియో వైద్యం చేసేవారు కూడా. గోదావరి జిల్లాలు దాటి పక్కకు వెళితే గుడివాడ. అక్కడ డాక్టర్ గురురాజు పేరిట నడుస్తున్న హోమియో కళాశాల 1945లో మొదలైంది. అటు విశాఖలో మాస్టర్ ఇ.కె.గా పేరుపొందిన ఎక్కిరాల కృష్ణమాచార్య హోమియోని సేవగా చేపట్టి, ఉచిత వైద్యశాలల సంప్రదాయాన్ని తెలుగునాట పెంచారు. వీళ్ళ వెనక పేరు లేని ఇంకో వరస ఉంది. రిటైరైన బడిపంతుళ్ళు, పోస్టుమాస్టర్లు, ఊరి పెద్దలు పుస్తకం చదివి, పెట్టె కొనుక్కుని, సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని ఊరందరికీ పొట్లాలు కట్టి ఇచ్చేవారు. పైసా తీసుకునేవారు కాదు. డెల్టాలో హోమియో ఇంటింటికీ చేరింది ఎక్కువగా వాళ్ళ చేతుల మీదుగానే.

ప్రభుత్వమూ దాన్ని ఊరూరా పంచింది. 1999 నుంచి కొన్నేళ్ళు మెదడువాపు జ్వరం భయంతో ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలకు బెల్లడోనా, కాల్కేరియా కార్బ్, ట్యుబర్క్యులైనమ్ వరసగా వేశారు. బీసీటీ అనే పొట్టి పేరుతో అది చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2020 జనవరి 29న కేంద్ర ఆయుష్ శాఖ కరోనా ముందుజాగ్రత్తగా ఆర్సెనికమ్ ఆల్బమ్ 30 వేసుకోమని సలహా ఇచ్చింది. రెండు నెలలు తిరగకుండానే లాక్‌డౌన్ వచ్చింది. తలుపులు వేసుకుని, కాలు బయట పెట్టలేక, రేపేమవుతుందోనన్న భయంతో ఇళ్ళలో పచార్లు చేసిన జనం చేతిలో ఆ చిన్న సీసా ఉంది. హోమియో పుస్తకాల్లో ఆ మందుకు ఉన్న మొదటి గుర్తు కూడా భయంతో కలిసిన ఆ అస్థిమితమే.

ప్రశ్నల వైద్యం

శామ్యూల్ హానిమన్ జర్మనీలో మైసెన్ అనే ఊళ్ళో 1755లో పుట్టాడు. 1810లో ఆయన రాసిన ‘ఆర్గనాన్’ హోమియోకి మూలగ్రంథం. అందులో రోగిని ఎలా వినాలో వివరంగా చెప్పాడు. రోగి మాట్లాడుతుంటే అడ్డు తగలకూడదు. అతను చెప్పింది అతని మాటల్లోనే రాసుకోవాలి. జవాబు అవునో కాదో అని వచ్చేలా ప్రశ్న వేయకూడదు. రెండు వందల ఏళ్ళు దాటాక కూడా ఏ వైద్య విద్యార్థికైనా మొదటిరోజు నేర్పదగిన పాఠం అది.

నూరేళ్ళ కిందటే అమెరికాలో జేమ్స్ టైలర్ కెంట్ ఈ వినడాన్నంతా పద్దులుగా పేర్చాడు. 1897లో మొదలైన ఆ ‘రెపర్టరీ’లో మనసుకు ఒక పెద్ద అధ్యాయం ఉంది. అందులో అస్థిమితం పేజీలకు పేజీలు నడుస్తుంది. పగలా రాత్రా, పక్క మీదా నడుస్తుంటేనా, ఒంటరిగా ఉంటేనా, దిగులుతోనా, జ్వరంలోనా అని ఎన్నో పిల్ల పద్దులు, ఒక్కొక్క దాని కింద మందుల పేర్లు. పొద్దుపోని విసుగుకూ అందులో చోటుంది. మనిషి కుదురులేనితనాన్ని ఇంత ఓపిగ్గా విడదీసి చూసిన వైద్య పుస్తకం ఆ రోజుల్లో అరుదు.

డెల్టాలోని ఒక హోమియో గదిలో మాట ఇలా సాగుతుంది.

“రాత్రి ఎన్నింటికి మెలకువ వస్తోందండీ?”

“ఒంటిగంటా, ఒంటిగంటన్నర అవుద్దండి. అప్పుడిహ పడుకోలేనండి.”

“లేచి ఏం చేస్తారు?”

“వాకిట్లోకెళ్తానండి. మళ్ళీ మంచం మీదకొస్తానండి. మళ్ళీ అరుగు మీదకెళ్తానండి. ఎక్కడా నిలవలేనండి.”

“దాహం వేస్తుందా?”

“ఆయ్, గుక్కెడు తాగుతానండి. కాసేపాగి మళ్ళీ గుక్కెడండి.”

“ఆ టైములో ఇంట్లో ఎవరూ లేకపోతే?”

“అమ్మో, భయవండి.”

ఇంతవరకు వచ్చేసరికి డాక్టరు మనసులో ఆర్సెనికమ్ ఆల్బమ్ మెదులుతుంది. అర్ధరాత్రి దాటాక పెరిగే ఆందోళన, చోటు మార్చిన కొద్దీ మార్చాలనిపించడం, గుక్క గుక్కగా నీళ్ళు, నీరసం, పక్కన మనిషి ఉండాలన్న కోరిక: దీన్ని వాళ్ళు ‘డ్రగ్ పిక్చర్’, అంటే మందు బొమ్మ, అంటారు. అదే మనిషి భయం లేదంటే, పడుకుంటే ఒళ్ళంతా పీకుతుందని, నాలుగు అడుగులు వేస్తే సర్దుకుంటుందని, ముసురు పట్టినప్పుడు మరీ ఎక్కువని చెబితే పుస్తకం రస్ టాక్స్ వైపు తిరుగుతుంది. పాదాలు మాత్రమే ఆడిస్తుంటే జింకమ్. తినడం తింటూనే చిక్కిపోతూ, వేడి ఓర్చుకోలేక, చేతులు ఊరుకోకుండా ఏదో ఒక పని పెట్టుకునేవాళ్ళకు అయోడమ్. పరీక్ష ముందు, ప్రయాణం ముందు తెగ హడావిడి పడి, రైలుకు రెండు గంటల ముందే స్టేషన్ చేరేవాళ్ళకు అర్జెంటమ్ నైట్రికమ్. మంచి కబురు విన్న రాత్రి కూడా ఆలోచనలు ఆగక నిద్ర పట్టనివాళ్ళకు పచ్చి కాఫీ గింజ నుంచి చేసిన కాఫియా.

పిల్లల విషయంలో ఈ పుస్తకాల చూపు ఇంకా పదును. చంకనెత్తుకుంటేనే ఊరుకుని, అడిగిన బొమ్మ చేతికిస్తే విసిరికొట్టే పళ్ళొచ్చే బిడ్డకు కేమోమిల్లా. ముక్కు గిల్లుకుంటూ, నిద్రలో పళ్ళు కొరుకుతూ, ఎంత పెట్టినా ఆకలనే బిడ్డకు సైనా. ఈ రెండు బొమ్మలనూ గుర్తుపట్టని తల్లి ఉండదు.

విసుగుకు వచ్చేసరికి రెండు మందుల పేర్లు ఎక్కువగా వినబడతాయి. కాలం కదలడం లేదని, గంట ఒక పూటలా ఉందని చెప్పేవాళ్ళకు అల్యూమినా. ఉన్న ఊరు, ఉన్న ఉద్యోగం, ఉన్న ఇల్లు ఏదీ నచ్చక, ఎటైనా వెళ్ళిపోవాలని, వెళ్ళాక అక్కడి నుంచీ కదిలిపోవాలని ఉండేవాళ్ళకు ట్యుబర్క్యులైనమ్. ఆత్మీయులు పోయాక దేని మీదా ఆసక్తి లేక, పలకరిస్తే ఒక్క మాటలో జవాబు చెప్పి గోడ వైపు తిరిగేవాళ్ళకు ఫాస్ఫారిక్ యాసిడ్.

ఈ బొమ్మలకు ఇప్పుడు పేర్లున్నాయి

ఈ కథనంలో నాకు ముఖ్యమైన మాట ఇక్కడుంది. పాత హోమియో పుస్తకాలు గీసిన ఈ బొమ్మల్లో చాలావాటికి ఈనాటి వైద్యంలో పేరుంది, పరీక్ష ఉంది, రుజువైన మందూ ఉంది.

పడుకోగానే కాళ్ళలో ఏదో పాకినట్టు, లాగినట్టు అనిపించడం, కదిలిస్తే హాయి, ఆపితే మళ్ళీ మొదలు, సాయంత్రమైతే ఎక్కువ. రస్ టాక్స్‌కో జింకమ్‌కో సరిపోయే ఈ లక్షణాలు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్‌ను గుర్తించడానికి డాక్టర్లు వాడే కొలమానాలు కూడా. ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ 17వ శతాబ్దంలోనే దీన్ని వర్ణించాడు. స్వీడన్ వైద్యుడు కార్ల్ ఎక్‌బోమ్ 1945లో దానికి పేరు పెట్టాడు. దీనికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి ఒంట్లో ఇనుము తగ్గడం. రక్తం ఉన్నట్టే కనబడినా ఇనుము నిల్వ అడుగంటి ఉండవచ్చు. ఫెరిటిన్ పరీక్ష చేస్తేనే అది తేలుతుంది. గర్భిణుల్లో, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళలో ఈ కాళ్ళ బాధ మరింత ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అన్నపూర్ణ అని పేరున్న డెల్టా కూడా ఈ రాష్ట్రంలోనిదే. రాత్రంతా కాళ్ళు ఆడించే ఇల్లాలిని “ఏంటా కాళ్ళు ఆడించడం, దరిద్రం” అని కసిరే అత్తగార్లకు, భర్తలకు ఈ సంగతి తెలియాలి. ఆమెకు కావలసింది ఇనుము కావచ్చు.

అయోడమ్ బొమ్మ చూడండి. తింటూనే చిక్కిపోవడం, ఉక్క, చెమట, గుండె దడ, కుదురులేని చేతులు. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినప్పుడు కనబడే మనిషి అచ్చం ఇలాగే ఉంటాడు. చిన్న రక్తపరీక్షతో తెలిసిపోతుంది. వదిలేస్తే గుండె లయ తప్పవచ్చు.

ఆర్సెనికమ్ బొమ్మలో ఒక భాగం మరీ జాగ్రత్తగా చూడాలి. అర్ధరాత్రి ఊపిరాడక లేచి కూర్చుని, కిటికీ దగ్గరికి వెళ్ళి, పడుకోవడానికి భయపడే పెద్దాయనకు ఉన్నది ఆందోళన మాత్రమే కాకపోవచ్చు. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరినప్పుడు సరిగ్గా ఇలాగే జరుగుతుంది. ఆ రాత్రి పొట్లం విప్పకండి, కారు తీయండి.

సైనా కథ వేరు. ఆ మందుకు మూలమైన మొక్క జాతి నుంచే శాంటోనిన్ అనే పదార్థం తీసి ఒకప్పుడు నులిపురుగులకు నిజంగా వాడేవారు. అంటే పాత వైద్యులు పురుగులున్న బిడ్డను సరిగ్గానే గుర్తుపట్టారు. ఇవాళ ఆ బిడ్డకు ఆల్బెండజోల్ మాత్ర ఉంది. ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నివారణ దినాన బడుల్లో, అంగన్‌వాడీల్లో ఉచితంగా వేస్తారు.

ఫాస్ఫారిక్ యాసిడ్ బొమ్మలో ఉన్న మనిషి దుఃఖంలో ఉండవచ్చు, డిప్రెషన్‌లో ఉండవచ్చు. రెండింటికీ తేడా తెలుసుకోవడానికి వారాలు గమనించాలి. “ఏమీ తోచడం లేదు” అనే మాట “బతకాలని లేదు” అనే వైపు వెళుతోందా అన్నది నేరుగా అడగాలి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టిస్తామేమో అని భయపడేవాళ్ళున్నారు. అలా జరగదు. అడగడం వల్ల మనిషికి ఊపిరి ఆడుతుంది.

హోమియో పుస్తకంలో దొరకని అస్థిమితాలూ ఉన్నాయి. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, మానసిక వైద్యంలో వాడే హాలోపెరిడాల్ కొందరిని కూర్చోనివ్వవు, నిలబడనివ్వవు. మందు మారిస్తే పోయే బాధ అది. షుగరు మాత్ర వేసుకుని అన్నం ఆలస్యం చేసినవాళ్ళకు వచ్చే వణుకు, చిరాకు చక్కెర పడిపోవడం వల్ల. రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే మొదటి రోజులోనే వణుకు, చెమట, పిచ్చి అస్థిమితం మొదలవుతాయి, మూర్ఛ కూడా రావచ్చు. తాగుడు మాన్పించాలన్న ఆరాటంతో ఇంట్లో గదిలో పెట్టి తాళం వేసే కుటుంబాలు ఇది తప్పక తెలుసుకోవాలి. ఆ మనిషిని ఆసుపత్రిలో ఉంచి మాన్పించాలి. నిన్నటిదాకా బాగున్న పెద్దావిడ ఇవాళ పొంతన లేకుండా మాట్లాడుతూ పక్క మీద నిలవకపోతే, మూత్రంలో ఇన్ఫెక్షనో సోడియం తగ్గడమో అయి ఉండవచ్చు. గంటలు లెక్క పెట్టుకోవలసిన విషయం.

సీసాలో ఏముంది?

హోమియో మందు మీద రాసి ఉండే 30, 200 అంకెలకు లెక్క ఉంది. ఒక పాలు మూలపదార్థానికి 99 పాళ్ళు ఆల్కహాలో నీళ్ళో కలిపి కుదిపితే మొదటి పొటెన్సీ. అందులోంచి ఒక పాలు తీసి మళ్ళీ 99 పాళ్ళు కలిపితే రెండోది. ఇలా పన్నెండుసార్లు దాటేసరికి మూలపదార్థం అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు పోతుంది. రసాయనశాస్త్రంలో అవొగాడ్రో సంఖ్య చెప్పే మాట ఇది. గోదావరి కలిసే బంగాళాఖాతం ఒక్కటే కాదు, భూమి మీది సముద్రాలన్నిటిలోనూ ఒక్క చుక్క కలిపినా అది సుమారుగా పదమూడో పొటెన్సీ దగ్గర ఉంటుంది. 30 అంటే అక్కడి నుంచి ఇంకో పదిహేడు మెట్లు. నీటికి జ్ఞాపకం ఉంటుందని, కుదుపులో శక్తి పుడుతుందని హోమియో వైద్యులు చెబుతారు. పరిశోధనలో అది నిలబడలేదు.

రోగుల మీద చేసిన అధ్యయనాలూ అదే చెప్పాయి. 2005లో లాన్సెట్ పత్రికలో వచ్చిన విశ్లేషణ 110 హోమియో పరీక్షలను అంతే సంఖ్యలో అల్లోపతి పరీక్షలతో పోల్చింది. పెద్దవి, పకడ్బందీగా చేసినవి మాత్రమే తీసుకుంటే హోమియో ఫలితం ఉత్తుత్తి మాత్ర ఫలితాన్ని దాటలేదు. 2015లో ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి, ఏ జబ్బుకైనా హోమియో పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది. మన విషయానికి దగ్గరగా, కుదురులేని పిల్లల ఏడీహెచ్‌డీ సమస్య మీద 2007లో కోక్రేన్ సంస్థ నాలుగు అధ్యయనాలను పరిశీలించింది. వాడమని చెప్పడానికి తగిన రుజువు కనబడలేదని రాసింది.

మరి మాకు తగ్గింది కదండీ అనేవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. అస్థిమితం కెరటంలా వచ్చిపోయే బాధ. అది పతాకస్థాయిలో ఉన్నప్పుడే మనం డాక్టరు దగ్గరికి వెళతాం, ఆ తర్వాత అది తగ్గడం సహజం. దానికి తోడు ముప్పావుగంట సేపు ఒక మనిషి మన మాట విన్నాడు. మన నిద్ర, మన కలలు, మన కోపం గురించి అడిగాడు. అమెరికాలో ఉన్న కొడుకు కూడా అడగని ప్రశ్నలవి. ఇది కాక పథ్యం ఉంది. కాఫీ మానేయాలి, ఉల్లి, వెల్లుల్లి తగ్గించాలి, కర్పూరం వాసన తగలకూడదు. వీటిలో కాఫీ సంగతి నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. ఒంట్లోకి వెళ్ళిన కెఫీన్‌లో సగం కరగడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది. పొద్దున్న రెండుసార్లు, మధ్యాహ్నం నిద్ర లేచి ఒకసారి, ఎవరైనా వస్తే మర్యాదకు మరోసారి తాగే ఇంట్లో కాఫీ ఒక్కటి ఆగిపోతే రాత్రి నిద్ర పట్టడంలో ఆశ్చర్యం లేదు. పేరు గుళికకు వచ్చింది.

హాని లేదు కదా అనేది రెండో మాట. పొటెన్సీ ఎక్కువైన మందులో పదార్థమే ఉండదు కాబట్టి ఒంటికి హాని చాలా తక్కువ. మదర్ టింక్చర్లు, తక్కువ పొటెన్సీలు అలా కాదు. వాటిలో అసలు పదార్థం ఉంటుంది. నక్స్ వామికా అంటే ముష్టి గింజ, ఆర్సెనికమ్ అంటే పాషాణం. 2017లో అమెరికా ఔషధ సంస్థ, పళ్ళొచ్చే పసిపిల్లల చిరాకుకు అమ్మిన కొన్ని హోమియో మాత్రల్లో బెల్లడోనా మోతాదు లేబుల్ మీద రాసినదానికి పొంతన లేకుండా, కొన్నిసార్లు బాగా ఎక్కువగా ఉందని తేల్చి హెచ్చరించింది. అన్నిటికంటే పెద్ద హాని కాలం పోవడం. థైరాయిడ్ తేలాల్సిన ఆరు నెలలు, డిప్రెషన్‌కు చికిత్స మొదలవ్వాల్సిన ఆరు నెలలు పొట్లాల మధ్య గడిచిపోతాయి.

కాలువలు కట్టేశాక

ఇక పొద్దుపోకపోవడం. దీనికి రక్తపరీక్ష లేదు. దీని కారణాలు చాలావరకు ఊళ్ళో ఉంటాయి, ఇంట్లో ఉంటాయి.

1852లో ఇంజనీరు కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక ఈ సీమ బతుకుకు కాలువే గడియారం. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. మళ్ళీ సార్వాకు (మొదటి పంటకు) నీళ్ళు వదిలేదాకా పల్లెల్లో మగవాళ్ళ చేతులకు పని ఉండదు. ఒకప్పుడు ఆ ఖాళీలో పెళ్ళిళ్ళు, తీర్థాలు, నాటకాలు, ఇంటి పైకప్పుకు తాటాకు నేయడం ఉండేవి. ఇప్పుడు ఫోన్ ఉంది, పేకాట ఉంది. ఆన్‌లైన్ రమ్మీని రాష్ట్రప్రభుత్వం 2020లో నిషేధించవలసి వచ్చిందంటే తోచనితనం ఎంత దూరం లాక్కెళుతుందో తెలుస్తుంది.

భీమవరం చుట్టూ చెరువులు పెట్టినవాళ్ళది ఇంకోరకం కుదురులేనితనం. రొయ్యల చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే పెట్టుబడి అంతా తేలిపోతుంది. ఆ రైతు రెండింటికి లేచి గట్టు మీద తిరుగుతున్నాడంటే అతని ఒంట్లో లోపం లేదు. అతనికి పంట బీమా, నిలకడైన కరెంటు, నిలకడైన ధర కావాలి. ఆ మెలకువకు రెపర్టరీలో పద్దు వెదకడం అన్యాయం.

కోనసీమలో, పశ్చిమగోదావరిలో ఎన్నో ఇళ్ళ నుంచి ఆడవాళ్ళు కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్ళి ఇళ్ళలో పనిచేస్తున్నారు. పంపిన డబ్బుతో డాబా లేస్తుంది. అందులో భర్త, పిల్లలు, ఒక ముసలమ్మ మిగులుతారు. ఇటు పెద్ద మండువా లోగిళ్ళలో ఇద్దరేసి వృద్ధులు. పిల్లలు హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉంటారు. పదిమంది తిరిగిన ఇంట్లో రెండు కంచాలు. ఆ ఇంట్లో పెద్దాయన వీధి గుమ్మం దాకా వెళ్ళి వస్తూ ఉంటాడు. ఆయనకు అల్యూమినా సరిపోతుందా, ట్యుబర్క్యులైనమ్ సరిపోతుందా అని ఆలోచించే ముందు, ఆయన రోజులో ఎవరితో ఎన్ని మాటలు మాట్లాడాడో లెక్క వేయాలి.

ఒంటరిగా, పని లేకుండా ఉండడం మనిషికి ఎంత కష్టమో 2014లో సైన్స్ పత్రికలో వచ్చిన ప్రయోగం చూపింది. వర్జీనియా విశ్వవిద్యాలయంలో తిమోతీ విల్సన్ బృందం కొందరిని ఖాళీ గదిలో 15 నిమిషాలు కూర్చోబెట్టింది. ఫోన్ లేదు, పుస్తకం లేదు. కావాలంటే తమకు తాము కరెంటు షాక్ ఇచ్చుకునే మీట మాత్రం ఉంది. 18 మంది మగవాళ్ళలో 12 మంది, 24 మంది ఆడవాళ్ళలో ఆరుగురు ఆ మీట నొక్కారు. పావుగంటకే ఇలా ఉంటే, ఏళ్ళ తరబడి ఖాళీ ఇంట్లో గడిపేవాళ్ళ సంగతి వేరే చెప్పాలా? కెనడాలో యార్క్ విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త జాన్ ఈస్ట్‌వుడ్ బృందం చెప్పినట్టు, తోచకపోవడమంటే బద్ధకం కాదు. ఏదైనా చేయాలని బలంగా ఉంటుంది, మనసు దేని మీదా నిలవదు. అందుకే “ఊరికే కూర్చోక ఏదో ఒకటి చేయరాదా” అన్న సలహా వాళ్ళను ఇంకా నలిపేస్తుంది.

పనిచేసే పద్ధతి చిన్న చిన్న పనులకు వేళ పెట్టడం. డిప్రెషన్ చికిత్సలో బిహేవియరల్ యాక్టివేషన్ అని దీనికి పేరు, అధ్యయనాల్లో నిలబడిన పద్ధతి ఇది. మనసు బాగయ్యాక పని చేద్దాం అనుకోకుండా, ముందు పని మొదలుపెడితే మనసు దాని వెనక వస్తుంది. పొద్దున్న ఆరింటికి కాలువగట్టు మీద నడక, అదీ ఇంకొకరితో. పదింటికి గ్రంథాలయం. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం లాంటి పెద్దది అందరికీ దగ్గర్లో లేకపోయినా శాఖా గ్రంథాలయాలు మండలాల్లో ఉన్నాయి, వాటిలో పేపర్లు చదివేవాళ్ళు తగ్గిపోతున్నారు. సాయంత్రం పక్కింటి పిల్లలకు ఎక్కాలు చెప్పడం. ఒకప్పుడు అరుగు మీద పొట్లాలు కట్టిన రిటైర్డు మాస్టార్లకు తోచకపోవడం తెలియనిది అందుకే. ఊరంతా వాళ్ళ దగ్గరికి వచ్చేది.

హోమియో డాక్టర్లకు నా మనవి ఒకటి. మీ చేతిలో ఉన్న ముప్పావుగంట మరే వైద్యుడి దగ్గరా లేదు. మీ ప్రశ్నలకు వచ్చిన జవాబులు హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్, చక్కెర పరీక్షల వైపు వేలు చూపిస్తుంటే, ఆ చీటీ మీరే రాయించండి. రోగి వేసుకుంటున్న బీపీ, షుగరు, మానసిక వైద్యం మాత్రలు మాన్పించకండి. అల్లోపతి డాక్టర్లకు కూడా ఒక మాట. “మీకేం లేదు” అనే ముందు “రాత్రి ఎన్నింటికి లేస్తున్నారు” అని ఒక్క ప్రశ్న అడగండి. రోగి మీ గది నుంచి వెళ్ళిపోతున్నది ఆ ప్రశ్న అడిగేవాళ్ళను వెతుక్కుంటూనే.

పాఠకులు తీపి గుళికలు వేసుకుంటానంటే ఎవరూ కాదనరు. వాటితో పాటు రక్తపరీక్ష చేయించుకోండి. మధ్యాహ్నం తర్వాత కాఫీ మానండి. కుదురులేనితనం, నిద్రలేమి, దేని మీదా మనసు లేకపోవడం రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించండి. ఎవరితోనూ చెప్పుకోలేని రాత్రి అయితే 14416కి ఫోన్ చేయండి. కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు అది. ఖర్చు లేదు, ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు.